ఎల్యూసిస్ కడతానన్న చిన్నికి

చిన్నీ,

ప్రాచీన గ్రీకులు రహస్య క్రతువు జరుపుకున్న ఎల్యూసిస్ గుడిని గేమ్ ఇంజిన్‌లో, అంటే వీడియో గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో, కట్టి పీహెచ్‌డీ చేస్తానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "ఆటలాడటానికి గ్రీసు దాకా పోవాలా?" అని మీ నాన్న గొణుగుతున్నాడట. వాడి సంగతి నేను చూసుకుంటాలే.

ఫైళ్లు రెండు చోట్ల దాచుకో. కొలతలు తవ్వకాల నివేదికల్లోంచే తీసుకో. వేళకి తిను.

చాలా ఏళ్ల కిందట ఒక ప్రదర్శనలో గ్రీకు గుడి కంప్యూటర్ నమూనా చూశాను. మిట్టమధ్యాహ్నపు వెలుగు, మల్లెపూవులా తెల్లని పాలరాయి, మనిషి జాడే లేదు. ఆ రాళ్లకి ఎరుపు, నీలం రంగులు వేసేవాళ్లని పండితులకి అప్పటికే తెలుసు. అదొక్కటే అయితే సరిపెట్టుకునేదాన్ని. తవ్వకంలో దొరికిన పునాదికీ, ఈ కాలంలో ఎవరూ చూడని పైకప్పుకీ ఒకటే రాయి, ఒకటే మెరుపు! బయటికొస్తున్న జనమంతా పైకప్పునే మెచ్చుకుంటున్నారు. తయారుచేసినాయన్ని అడిగితే, "ఖాళీగా వదిలితే ఎవరు చూస్తారండీ?" అన్నాడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నీకు ఆయనకంటే చెయ్యి బాగా తిరిగింది, అదే నా భయం.

ఎల్యూసిస్‌లో ఆ క్రతువు జరిగిన టెలిస్టెరియన్ హాలు ఒక్కో వైపు 50 మీటర్ల పైచిలుకు. 42 స్తంభాలు, గోడల వెంట మెట్లు, లోపల అనాక్టోరన్ అనే చిన్న గది. రాత్రిపూట, కాగడాల వెలుగులో, వేలమంది. ఫలానా మెట్టు మీద నిలబడ్డవాడికి ఆ గది కనిపించేదా, స్తంభం అడ్డొచ్చేదా అని ప్లాను ముందేసుకుని నేనూ నా విద్యార్థులూ వాదించుకునేవాళ్లం. నువ్వు ప్రతి పాత్ర కంటి నుంచీ రేకాస్ట్ చేసి, అంటే చూపు వెళ్లే గీత గీసి దేనికి తగులుతుందో చూసి, ఒక్క పూటలో తేల్చేస్తావు. పొగ పెంచి, జనాన్ని తగ్గించి మళ్లీ చూస్తావు. నా రోజుల్లో ఇది ఉండి ఉంటేనా! పైకప్పులో వెలుతురు కోసం వదిలిన ఖాళీ గురించి పండితులకే పడదు కాబట్టి, రెండు మూడు రకాలుగా కట్టు. ఊహించిందంతా ఒక్క మీటతో మాయమవ్వాలి.

చివర్లో అక్కడ ఏం చూపించేవాళ్లో మాత్రం కల్పించకు తల్లీ. క్రతువు రహస్యం బయటపెడితే ప్రాణం మీదికొచ్చేది. ఇంట్లో ఆ క్రతువుని వెక్కిరిస్తూ నటించాడన్న ఆరోపణ మీద ఏథెన్స్ సేనాని ఆల్కిబయడీస్‌కి క్రీ.పూ. 415లో, మనిషి ఎదుట లేకుండానే మరణశిక్ష వేశారు.

ఏథెన్స్ నుంచి అక్కడికి పవిత్ర మార్గం 20 కిలోమీటర్లు. నడిచి చూడాలని నీకు అనిపిస్తుంది, నాకు తెలుసు. ఇప్పుడా దారిలో లారీలు, రిఫైనరీ. ఒంటరిగా బయల్దేరావో ఊరుకోను. బస్సెక్కు, టోపీ పెట్టుకో. డబ్బుకి ఇబ్బందైతే మొహమాటపడకు, నన్నడుగు.

మీ అత్తయ్య