తిరువయ్యారు వెళ్తున్నావటగా

అమ్మడూ,

ఈసారి తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనలో నువ్వూ గోష్ఠిలో, అంటే అందరూ కలిసి పాడే బృందంలో, కూర్చుంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతులో నీకంటే ఎక్కువ టెన్షన్ వినిపించింది. నేను పదిసార్లు వెళ్లొచ్చినదాన్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

బస తంజావూరులోనే చూసుకోండి. తిరువయ్యారు అక్కడికి 13 కిలోమీటర్లే. ఊరు చిన్నది, ఆరాధన రోజుల్లో గదులు దొరకడం కష్టం. గోష్ఠి జరిగే పుష్య బహుళ పంచమి నాడు మాత్రం చీకటితోనే బయల్దేరాలి. ముందు వరసలు పెద్ద విద్వాంసులవి, వెనక ఎవరు ముందొస్తే వాళ్లవి. కావేరి గాలికి చలేస్తుంది, శాలువా మర్చిపోకు. ఏటిలో నీళ్లు కొన్నేళ్లు బాగా ఉంటాయి, కొన్నేళ్లు ఇసుకే కనిపిస్తుంది. ఏదైనా సరే, ఒకసారి మెట్లు దిగి చూసి రా.

ఇక అసలు సంగతి. గోష్ఠిలో పాడే పంచరత్నాలు, అదే త్యాగరాజస్వామి పెద్ద కీర్తనలు అయిదూ, నోటికి వచ్చి తీరాలి. పుస్తకం చూసి పాడొచ్చులే అనుకుంటావు. ఏటిగాలికి కాగితాలు ఒకచోట నిలవవు, పక్కావిడ మోచేయి తగులుతూనే ఉంటుంది. అందరికీ తడబాటు వచ్చేది వరాళి రాగంలోని నాలుగోదాని దగ్గర. వరాళి రాగం నేర్పితే గురుశిష్యులకు చెడుతుందని పాతకాలపు నమ్మకం, అందుకని చాలామంది దాన్ని విని పట్టుకున్నవాళ్లే. నీకు మీ టీచర్ నేర్పకపోతే రికార్డింగ్ పెట్టుకుని రోజూ ఒక్కో చరణం పట్టు.

నేను బోల్తా పడింది మాత్రం వరాళిలో కాదు, ఆరభి రాగంలోని మూడోదాంట్లో, ‘సాధించెనే’లో. ఆ కీర్తనలో చరణం అయ్యాక పల్లవికి పోరు, ‘సమయానికి తగు మాటలాడెనె’ అని అందుకుంటారు. నాకు తెలియని విషయమేం కాదు. అయినా మొదటిసారి వెళ్లిన ఊపులో, మిగతావాటి అలవాటు కొద్దీ, గొంతెత్తి ‘సాధించెనే’ అన్నాను. చుట్టూ వందలమంది ఒక మాట, నేనొక్కదాన్ని ఒక మాట! పక్కన ముక్కుపుడక పెట్టుకున్న ఒక ముసలావిడ, తాళం వేస్తున్న చెయ్యి ఆపకుండానే, రెండో చేత్తో నా మోకాలి మీద మెల్లగా తట్టింది. ఆమె గొంతు నాకు వినిపించనే లేదు, పెదవులు కదలడం మాత్రం కనిపించింది. అప్పటినుంచీ నేను పక్కవాళ్ల గొంతు నాకు వినబడేంత తగ్గించే పాడతాను. నువ్వూ అంతే చెయ్యి. అక్కడ నీ గొంతు ఎవరూ వెతుక్కోరు.

అయిపోయాక ఆవిడే పలకరించింది. తెలుగువాళ్లమని తెలియగానే ముఖం వెలిగిపోయింది. తమిళ లిపిలో రాసుకున్న నోటుబుక్కు తీసి, ‘ఇంతకీ సాధించింది ఎవరు, ఏం సాధించాడు?’ అని వచ్చీరాని తెలుగులో అడిగింది. నేను నీళ్లు నమిలాను. చిన్నప్పటినుంచీ పాడుతున్నానే గానీ, తాను బోధించిన మంచిమాటలే బొంకు చేసి తన పట్టు నెగ్గించుకున్నాడని త్యాగరాజస్వామి కృష్ణుణ్ణి దెప్పుతున్నాడన్న సంగతి ఏనాడూ ఆలోచించలేదు. ఇంటికొచ్చాక కూర్చుని చదివాను, సిగ్గేసింది. మొదటిదైన జగదానందకారక సంస్కృతం, మిగతా నాలుగూ మన తెలుగే. నువ్వు ముందే అర్థం తెలుసుకుని వెళ్లు, తప్పకుండా అడుగుతారు. వాళ్ల ఉచ్చారణ విని మాత్రం నవ్వకు. వాళ్ల లిపిలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం.

పొద్దున్నే తిరుమంజన వీధిలోని త్యాగరాజస్వామి ఇంటినుంచి ఉంఛవృత్తి, అంటే పాడుకుంటూ భిక్ష అడిగే ఊరేగింపు, బయల్దేరుతుంది. గోష్ఠిలో చోటు పోతుందని దాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఈసారికి నువ్వూ వదిలెయ్యి, ఇంకోసారి చూడొచ్చు. వేణువు మీద భైరవి మొదలైందంటే ఫోన్ సంచిలో పడెయ్యి, ఆ తర్వాత నాట రాగంలోకి, అంటే మొదటి కీర్తనలోకి, వెళ్లిపోతారు.

త్యాగరాజస్వామి సమాధికి ఎదురుగా గాయని బెంగళూరు నాగరత్నమ్మగారి విగ్రహం ఉంటుంది. ఆ సమాధి మీద గుడి కట్టించింది ఆవిడే. ఆడవాళ్లను అక్కడ పాడనివ్వని రోజుల్లో ఆడవాళ్లతోనే వేరే బృందం కట్టి పాడించింది. 1952లో పోయారు. జనం అటు దణ్ణం పెట్టి ఇటు చూడకుండా వెళ్లిపోతుంటారు. నువ్వు అక్కడ కాసేపు నిలబడు. వీలైతే నా పేరు చెప్పి రెండు పూలు పెట్టు.

మీ అత్తయ్య