మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న అన్నయ్యకు ఇంప్లాంట్లా, కట్టుడు పళ్ళా?

మీ అన్నయ్యకు ఇంప్లాంట్లు (దవడ ఎముకలో స్క్రూ దించి, దానిపై బిగించే పళ్ళు) నిలుస్తాయా, తీసి పెట్టే పళ్ళ సెట్టుతో సరిపెట్టాలా అని అడిగారు. చూసుకునే మనిషి ఉంటే ఇంప్లాంట్లే పెట్టించండి.

మా తమ్ముడికీ మానసిక ఎదుగుదల తక్కువ, పైగా ఫిట్స్. ఒకసారి పడిపోయి పై ముందు పళ్ళు నాలుగు పోయాయి. "ఇలాంటివాళ్ళకు ఇంప్లాంట్లు ఎందుకమ్మా" అన్నారు మొదట చూసిన డాక్టరు. వాడు ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. వాడికి మాటలు తక్కువే గానీ చెవులు బాగానే వినిపిస్తాయి. ఈ పద్ధతి ఎప్పుడు మారుతుందో!

సరేనని సెట్టు పెట్టించాం. ఒకరోజు అన్నం తింటూ ఉండగా ఫిట్స్ వచ్చింది. పక్కకు తిప్పి పడుకోబెట్టాను. తగ్గాక చూస్తే నోట్లో సగం సెట్టే ఉంది. మిగతా ముక్క మింగాడా, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందా? వాడు చెప్పలేడు. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఆ గులాబీ రంగు ప్లాస్టిక్ ఎక్స్‌రేకు సరిగా దొరకదని అక్కడే తెలిసింది. అంత టెన్షన్ నా జన్మలో పడలేదు. చివరికి ఆ ముక్క వాడి చొక్కా జేబులో దొరికింది. ఫిట్స్ ఉన్న మనిషికి ఊడివచ్చే సెట్టే క్షేమం అంటే ఇక నేను ఎవరి మాటా వినను.

తర్వాత వెళ్ళిన డాక్టరు తొందరపడలేదు. మొదటి రెండుసార్లు వాడి చేతికి అద్దం ఇచ్చి, కుర్చీ ఎక్కించి దించారు, అంతే. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ వల్ల చిగుళ్ళు పెరిగిపోయాయని చూసి, న్యూరాలజిస్టుతో మాట్లాడి మందు మార్పించారు. చిగుళ్ళు కుదుటపడ్డాక పూర్తి మత్తులో రెండు ఇంప్లాంట్లు పెట్టారు. టైటానియం స్క్రూ ఎముకతో అతుక్కోవడానికి మాకు 5 నెలలు పట్టింది. వాటిపైన నాలుగు పళ్ళ బ్రిడ్జిని (ఒకదానికొకటి కలిపి చేసిన పళ్ళ వరుసను) సిమెంటుతో కాకుండా స్క్రూలతో బిగించారు. మీరూ అలాగే అడగండి, విరిగితే విప్పి బాగుచేయవచ్చు.

అసలు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: రోజూ బ్రష్ చేసేది ఎవరు? ఇంప్లాంటు పుచ్చిపోదు గానీ చుట్టూ పాచి పడితే కింది ఎముక కరుగుతుంది, అదీ చాలాసార్లు నొప్పి లేకుండా. నేను వెనక నిలబడి, వాడి తల నా గుండెకు ఆనించుకుని, పది లెక్కపెడుతూ తోముతాను. సందుల్లోకి చిన్న బ్రష్ వేరే ఉంటుంది. నేను లేని రోజుల్లో మా ఆయన తోముతారు. ఆయన నేర్చుకోవడానికి రెండు రోజులు పట్టింది, ఆయన చేతికి నోరు తెరవడానికి తమ్ముడికి నెల పట్టింది. మీరూ ఆ రెండో మనిషిని ఆపరేషన్‌కు ముందే తయారు చేసుకోండి.