గోడపరుగు నేర్చుకుంటున్న మనవరాలికి

పర్లాకిమిడి,
ఆదివారం ఉదయం

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నాన్నా, అది బరంపురంలో చదువుకుంటోందనుకున్నాను, గోడల మీద పరిగెడుతోందట" అని మొదలుపెట్టి ఏడ్చినంత పని చేసింది. దాన్ని ఊరుకోబెట్టి ఫోన్ పెట్టేశాక నాకు మాత్రం నిద్ర పట్టలేదు. సగం భయం. మిగతా సగం సంతోషమని నీకు చెబుతున్నాను, మీ అమ్మకి చెప్పకు. గోడ అడ్డమొస్తే ఆగిపోకుండా దాని మీదే మూడడుగులు వేద్దామనుకున్నావంటే నువ్వు నా మనవరాలివే.

ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకని మీ అమ్మ అంది. ఆ మాట మాత్రం నేను ఒప్పుకోలేదు. ఖోఖోలో స్తంభం దగ్గర గాల్లోకి డైవ్ కొట్టి అవతలి పిల్లని అంటుకునే ఆడపిల్లల్ని తయారుచేసిన డ్రిల్లు మాష్టారిని నేను. మోకాళ్లు దోక్కుపోతే పసుపు రాసి మళ్లీ ఆడించాను. కాబట్టి మానెయ్యమని రాయడం లేదు. ఎలా చెయ్యాలో రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నువ్వు చేసే ఈ పనిని పార్కౌర్ అంటారట. ఆ పేరు నాకు కొత్త, పని కొత్త కాదు. మా రోజుల్లో గోడపరుగు అనేవాళ్లం. మీ తమ్ముడు నిన్న దాని పుట్టుపూర్వోత్తరాలు చదివి వినిపించాడు. ఫ్రాన్స్‌లో డేవిడ్ బెల్ అనే కుర్రాడికి, అగ్నిమాపక దళంలో పనిచేసిన వాళ్ల నాన్న రేమండ్ బెల్ నుంచి ఇది అబ్బిందట. అంతకుముందు జార్జ్ హెబెర్ అనే నేవీ ఆఫీసరు ఉన్నాడు. 1902లో మార్టినిక్ దీవిలో అగ్నిపర్వతం పేలినప్పుడు జనాన్ని కాపాడే పనిలో ఉన్నాడాయన. బలం ఉండాలి, అది పదిమందికి పనికిరావాలి అనేది ఆయన పద్ధతి. సైనికుల చేత అడ్డంకులు దాటించే శిక్షణ ఆయన పద్ధతి నుంచే వచ్చింది, పార్కౌర్ అన్న పేరు కూడా దాని నుంచే. మిలిటరీ అడ్డంకుల పరుగు అన్న మాట వినగానే నా చెయ్యి నా కుడి మణికట్టు మీదికి పోయింది. ఎందుకో కింద చెబుతాను.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ఒళ్లు వేడెక్కకుండా దూకకు. అరిగిపోయిన బూట్లు వేసుకోకు. ఒంటరిగా చెయ్యకు. వాన పడ్డాక రెండు రోజులు గోడ జోలికే పోకు, మన వైపు గోడలకి పాచి ఎంత తొందరగా పడుతుందో తెలుసు కదా.

ఇప్పుడు అసలు పని. గోడ మీదికి ఎదురుగా పోకూడదు, దాని పక్కనుంచి పోతున్నట్టే కాస్త ఏటవాలుగా రావాలి. గోడ కుడివైపు ఉందనుకో. ఎడమ కాలితో నేలను తన్ని లేస్తావు. గోడవైపున్న కుడి పాదం ముందు ఆనుతుంది, తర్వాత ఎడమ, మళ్లీ కుడితో తోసేసి దిగిపోతావు. మొదట్లో ఒక్క అడుగే వెయ్యి, వేసి దిగిపో. నెల తర్వాత రెండు. మూడో అడుగు గురించి నాకు ఫోన్ చేసి అడుగు.

నిన్ను గోడకి అంటిపెట్టి ఉంచేది ఏమిటనుకున్నావు? నీ పరుగులో గోడవైపు ఉన్న ఆ కాస్త ఊపే. ఒక్కో అడుగుకీ అది ఖర్చయిపోతుంది, అందుకే ఎంత మొనగాడికైనా కొన్ని అడుగులకి మించి సాగదు. మరీ ఎదురుగా వస్తే గోడ నిన్ను వెనక్కి తోసేస్తుంది. మరీ పక్కగా పోతే పాదానికి పట్టు దొరకదు. కింద ఆధారం లేనివాళ్లు అర సెకనులో 4 అడుగులు కిందికి పడిపోతారు, అంటే ఆలోచించుకోవడానికి టైము ఉండదన్నమాట. ఒంటికి ముందే తెలిసి ఉండాలి. పాదం నడుము ఎత్తుకి తగ్గకుండా పడాలి, ముంగాలితో ఆనాలి, మడమ తగలకూడదు. చూపు గోడ మీద కాదు, దిగబోయే చోట ఉండాలి.

ముందు నిలువు గోడ వద్దు. చెరువు గట్టుకి రాళ్లు పేర్చిన వాలు ఉంటుందే, దాని మీద అడ్డంగా పరిగెత్తు. మా తాలింఖానాలో, అంటే కసరత్తులు నేర్పే చోట, గురువుగారు ఆరు నెలలు మమ్మల్ని దాని మీదే తిప్పారు. మాకు విసుగొచ్చేది. పొద్దున్నే మహేంద్రతనయలో మునిగి, తడి లాగులతోనే గట్టు మీద పరుగు, తర్వాత చిన్న రైలు కూత వినపడగానే ఇంటికి. ఆ నారో గేజ్ రైలు ఇప్పుడు లేదు, 2004లో ఆపేశారు. అది ఎంత నెమ్మదిగా పోయేదంటే మేం దిగి పక్కన పరిగెత్తి మళ్లీ ఎక్కేవాళ్లం. అది నువ్వు చెయ్యకు.

పడటం కూడా నేర్చుకోవాలి, అది ముందే నేర్చుకోవాలి. ఆదివారాలు గోపాల్‌పూర్ పో, ఇసుకలో దొర్లు. ఒక భుజం మీంచి మొదలై, వీపు మీద ఐమూలగా, రెండో వైపు తుంటి దాకా దొర్లాలి. తల నేలకి తగలకూడదు, వెన్నుపూస పొడుగునా దొర్లకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పడేటప్పుడు చెయ్యి చాచి అరచేత్తో నేలను ఆపబోకు. ఒంటికి అదే తోస్తుంది. మాన్పించడానికి వందసార్లు దొర్లాలి.

ఇక నా సంగతి.

1975, సంక్రాంతికి ముందు వారం. నాకు పద్దెనిమిదో ఏడు. ఊరి చివర రైస్ మిల్లు గోడౌన్ గోడ ఉండేది, పొడుగ్గా, ఎక్కడా కిటికీ లేకుండా. దాని మీద నాలుగడుగులు వేసేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ రోజు సాయంత్రం కుర్రాళ్లు పదిమంది చూస్తున్నారు. పండక్కని మిల్లుకి వెల్ల వేయించారు. గోడ తెల్లగా మెరుస్తోంది, అదెంత ముచ్చటగా ఉందో ఇప్పటికీ కళ్ల ముందుంది. వెల్ల ఎండింది కదా అనుకున్నాను గానీ చేత్తో రుద్ది చూడలేదు. మొదటి అడుగు పడింది. రెండోదానికి పాదం కింద సున్నం పొడి పొడిగా రాలి, బియ్యప్పిండి మీద కాలు వేసినట్టు జారింది. కుడి చెయ్యి చాచి పడ్డాను.

పెద్దగా ఏమీ అవలేదు, తల్లీ. అదే నా ఖర్మ. ఎముక బయటికి వచ్చి ఉంటే ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్లు. కాస్త వాచింది, అంతే. వేళ్లు కదులుతున్నాయి. మా నాన్న ఆ మిల్లులోనే కాటా గుమాస్తా. కొత్తగా వెల్ల వేసిన గోడ మీద గుమాస్తా కొడుకు బూటు గుర్తులని తెలిస్తే యజమాని ఊరుకోడని నా భయం. సైకిల్ మీంచి పడ్డానని చెప్పాను. అమ్మ పసుపూ సున్నం కలిపి పట్టు వేసింది. వారానికి వాపు తీసింది. నూతి దగ్గర తువ్వాలు పిండబోతే మాత్రం సగంలో చెయ్యి వదిలేసేది. అమ్మ చూసి, "ఏమైందిరా?" అంది. "ఏం లేదమ్మా" అన్నాను. ఆరు నెలలు అలాగే "ఏం లేదు"తో గడిపాను.

మిలిటరీ సెలక్షన్‌కి వెళ్లాను. పరుగులో మొదటివాణ్ణి. అడ్డంకులన్నీ దాటాను. మెడికల్‌లో డాక్టరు నా బొటనవేలు పైకెత్తమన్నాడు. అలా ఎత్తితే మణికట్టు దగ్గర బొటనవేలిని లాగే రెండు స్నాయువుల మధ్య చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో నొక్కాడు. కేక వేయలేదు గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడ జీడిపప్పంత ఎముక ఒకటుంది, స్కాఫాయిడ్ అంటారు. దానికి రక్తం తక్కువగా అందుతుంది కాబట్టి విరిగితే అతుక్కోవడం కష్టం. మొదటి ఎక్స్‌రేలో ఒక్కోసారి కనిపించదు కూడా, పది పన్నెండు రోజులాగి మళ్లీ తీయాలి. సకాలంలో సిమెంటు కట్టు వేసుంటే చాలావరకు అతుక్కునేది. నాది అతుక్కోలేదు, పంపించేశారు.

గేటు బయట నాన్న అటుకుల మూటతో నిలబడి ఉన్నాడు. అప్పుడు చెప్పాను, గోడ సంగతి. తిడతాడనుకున్నాను. నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "మిల్లు పోతే ఇంకో మిల్లుండేది కదరా" అన్నాడు. ఇంటికొచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఈ రోజుకీ అరచెయ్యి నేలకి ఆనించి లేవలేను. బళ్లో పిల్లలకి దండీలు నోటితో చెప్పానే గానీ చేసి చూపించలేదు. ఎందుకని నువ్వు చిన్నప్పుడు అడిగితే మాట మార్చాను.

అందుకని, ఏ గోడ ఎక్కాలన్నా ముందు అరచేత్తో రుద్దు. చెయ్యి తెల్లబడితే ఆ గోడ నీది కాదు. వేళ్లతో తట్టు, డొల్లగా మోగితే లోపల ప్లాస్టరింగ్ విడిపోయిందని అర్థం. గోడ యజమానిని అడుగు, అడగలేని గోడ వద్దు.

ఇంకొకటి. మొన్న శుక్రవారం వీడియో కాల్‌లో నీళ్ల సీసా మూత కుడి చేత్తో తిప్పబోయి, ఆగి, సీసా ఒళ్లో పెట్టుకుని ఎడమ చేత్తో తిప్పావు. చెయ్యి ఏమైందంటే "ఏం లేదు తాతయ్యా" అన్నావు.

ఈ ఉత్తరం మీ మావయ్య ఫోటో తీసి ఇప్పుడే పంపుతాడు. చదవగానే కుడి బొటనవేలు పైకెత్తి ఆ గుంటలో ఎడమ చేత్తో నొక్కి చూడు. నొప్పుంటే ఇవాళే నాకు ఫోన్ చెయ్యి. అమ్మకి నేను చెబుతాను, నువ్వేం టెన్షన్ పడకు. ఎలా పడ్డావో, ఎవరి గోడో నేను అడగను. రేపు పొద్దున్న మొదటి బస్సుకి బరంపురంలో దిగుతాను, ఇద్దరం కలిసి ఎక్స్‌రేకి వెళ్దాం. హాస్టలు గేటు దగ్గర ఉండు.

మీ తాతయ్య