కాన్యులా పెట్టడం రాలేదని సర్జికల్ నర్సింగ్ వదులుకోవాలా?

ప్రశ్న: నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇప్పుడు సర్జికల్ వార్డులో పోస్టింగ్. కాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని ప్లాస్టిక్ గొట్టం) పెట్టాలంటేనే చేతులు వణుకుతున్నాయి. పోయిన వారం ఒక పెద్దాయనకు రెండుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. తర్వాత సీనియర్ సిస్టర్ వచ్చి పెట్టారు. ఆయన కూతురు అందరి ముందూ నన్ను కోప్పడింది. చదువయ్యాక సర్జరీ వైపే ఉండాలని నా ఆశ. కాన్యులా కూడా సరిగా పెట్టలేని నేను అందుకు పనికొస్తానా? ఆపరేషన్ థియేటర్లో అయితే బంధువుల గొడవ ఉండదు, అటు వెళ్లిపొమ్మని స్నేహితులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తప్పకుండా పనికొస్తారు. రెండో సంవత్సరంలో ఒక నరం దొరకలేదని భవిష్యత్తు గురించి తీర్పు చెప్పేసుకోకండి. ఆ రోజు మీరు రెండు ప్రయత్నాలతో ఆగి సీనియర్‌కు అప్పగించారు. ఒకే మనిషి రెండుసార్లకు మించి గుచ్చకూడదని చాలా ఆసుపత్రుల్లో నియమమే ఉంటుంది. ఈ పనిలో పంతం పనికిరాదు. గురి తప్పిన ప్రతిసారీ వాడుకోదగ్గ నరం ఒకటి పోతుంది, రోగికి భయం పెరుగుతుంది.

పైగా మీకు ఎదురైంది కష్టమైన చేయి. వయసు పైబడినవాళ్ల నరాలు పైకి బాగా కనిపిస్తాయి కానీ చుట్టూ పట్టు తక్కువ కాబట్టి సూది తగలగానే పక్కకు జరుగుతాయి. గోడలు పలచనవి కాబట్టి తేలిగ్గా చిట్లుతాయి. ఇలాంటి చేతికి టూర్నికే (నరం ఉబ్బడానికి చేతికి కట్టే పట్టీ) వదులుగా కట్టాలి, కొందరికి అసలు అక్కర్లేదు. కాసేపు చేతిని కిందికి వేలాడదీయమనండి. నరాన్ని కంటితో కాకుండా వేలితో వెతకండి. నొక్కి వదిలితే మళ్లీ పైకి లేచే నరం మంచిది. గుచ్చే చోటుకు కాస్త కింద బొటనవేలితో చర్మాన్ని లాగి పట్టుకుంటే నరం కదలదు. రక్తం కనిపించగానే సూది కోణాన్ని కొంచెం తగ్గించి, ఒక్క పిసరు ముందుకు జరిపి, అప్పుడు ప్లాస్టిక్ గొట్టాన్ని మాత్రమే లోపలికి జార్చాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రక్తం చూసిన సంతోషంలో సూది లాగేస్తారు, అప్పటికి గొట్టం కొస ఇంకా నరంలోకి చేరి ఉండదు. అలా జరిగితే తీసిన సూదిని మళ్లీ గొట్టంలోకి దూర్చకండి. గొట్టం తెగి ముక్క రక్తంలోకి కొట్టుకుపోవచ్చు.

సైజు విషయం కూడా గుర్తుంచుకోండి. నంబర్ పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. పెద్దవాళ్లకు మామూలు సెలైన్, మందుల కోసమైతే నీలం రంగు 22 చాలు. రక్తం పోయే అవకాశం ఉన్న పెద్ద ఆపరేషన్‌కు వెళ్తున్నవాళ్లకు ఆకుపచ్చ 18 గానీ, అంతకన్నా లావుది గానీ కావాలి. డయాలిసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా ఉన్న చేతిని, రొమ్ము ఆపరేషన్‌లో చంక గ్రంథులు తీసేసిన వైపు చేతిని వదిలేయండి.

ఇదంతా సాధనతో వస్తుంది. కాలేజీ ల్యాబ్‌లో బొమ్మ చేయి ఉంటే దాని మీద, తర్వాత సిస్టర్ పక్కన ఉండగా నరాలు బాగున్నవాళ్ల మీద చేయండి. వణుకు తగ్గడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.

అయితే మీరు నన్ను అడగని విషయం ఒకటుంది, నాకు అదే ముఖ్యంగా అనిపిస్తోంది. కాన్యులా పెట్టడం కొద్ది నిమిషాల పని. అది ఆ చేతిలో గంటలు, రోజులు ఉంటుంది. ఆ సమయమంతా దాన్ని ఎవరు గమనిస్తున్నారు అన్నదాన్ని బట్టి రోగి క్షేమం ఉంటుంది. మంచి సర్జికల్ నర్సు అని నేను ఎవరినైనా అంటే, ఏదైనా తేడా వస్తున్నప్పుడు అందరికన్నా ముందు పసిగట్టే మనిషి అనే అర్థం. నేను చూసినంతలో, ఈ గుణం ఉన్నవాళ్లకు చేతి నైపుణ్యం ఎలాగూ వస్తుంది. చేయి తిరిగినా గమనించే అలవాటు లేనివాళ్లను చూస్తే నాకు భయం.

డ్రిప్ సంగతే తీసుకోండి. 1000 మిల్లీలీటర్ల సెలైన్ 8 గంటల్లో వెళ్లాలని డాక్టర్ రాశారు. అంటే గంటకు 125. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే డ్రిప్ సెట్ అయితే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. ఈ లెక్క మీకు వచ్చే ఉంటుంది. కానీ లెక్కకట్టి పెట్టిన డ్రిప్ అలాగే ఉండదు. రోగి మోచేయి మడిస్తే ఆగిపోతుంది, చేయి చాపితే పరుగెడుతుంది. బంధువులెవరో త్వరగా అయిపోవాలని డ్రిప్ వేగం మార్చే రోలర్ తిప్పేస్తారు కూడా. గుండె, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు సెలైన్ ఒక్కసారిగా ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పడుకోలేక లేచి కూర్చోవడం, కొత్తగా దగ్గు, ఆయాసం కనిపిస్తే బాటిల్‌లో ఎంత మిగిలిందో వెంటనే చూడాలి.

అలాగే కాన్యులా చుట్టూ. ఎరుపు, నొప్పి, నరం వెంబడి గట్టిదనం ఉంటే నరం వాచింది, కాన్యులా తీసేయాలి. చేయి ఉబ్బి చల్లగా ఉంటే ద్రవం నరం బయటకు పోతోంది. కొన్ని మందులు అలా బయటకు పోతే చర్మం, కండ చచ్చిపోతాయి. కీమోథెరపీ మందులు, కాల్షియం, బీపీ పెంచే నార్‌ఎడ్రినలిన్ అలాంటివి. అప్పుడు వెంటనే ఆపాలి, సెలైన్‌తో నెట్టి (ఫ్లష్ చేసి) చూడకూడదు, డాక్టర్‌కు చెప్పాలి. పొటాషియం క్లోరైడ్ అయితే పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎప్పుడూ ఎక్కించకూడదు, గుండె ఆగిపోతుంది. రక్తం ఎక్కించేటప్పుడు మొదటి 15 నిమిషాలు రోగి దగ్గరే ఉండండి, తీవ్రమైన రియాక్షన్లు చాలావరకు అప్పుడే మొదలవుతాయి.

ఇక ఆపరేషన్ అయి వచ్చిన రోగి. మీరు సర్జరీ వైపు రావాలనుకుంటున్నారు కాబట్టి ఈ కొన్ని గంటల గురించి కాస్త వివరంగా చెబుతాను. లోపల రక్తం కారుతున్నా బీపీ చాలాసేపు మామూలుగానే ఉండొచ్చు. ముందు పెరిగేది పల్స్. గంట కిందట 84, తర్వాత 96, ఇప్పుడు 112 ఉంటే, బీపీ బాగుంది కదా అని ఊరుకోకూడదు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడుతున్నవాళ్లలో పల్స్ కూడా పెరగకపోవచ్చు. అందుకే చర్మం చల్లబడటం, పాలిపోవడం, యూరిన్ తగ్గడం కలిపి చూడాలి. పెద్దవాళ్లలో గంటకు, శరీర బరువు కిలోకు అర మిల్లీలీటరైనా యూరిన్ రావాలి. 60 కిలోల మనిషికి 30 మిల్లీలీటర్లు. డ్రెస్సింగ్ పైన పొడిగా ఉందని తృప్తి పడకండి, రక్తం పక్కల నుంచి జారి నడుం కింద చేరుతుంది. చేయి పెట్టి చూడండి. రోగి అసహనంగా దొర్లుతుంటే నొప్పి అనుకుని ఇంజెక్షన్ కోసం వెళ్లే ముందు ఆక్సిజన్ శాతం, శ్వాస వేగం చూడండి. ఆక్సిజన్ తగ్గినా మనిషి అలాగే ప్రవర్తిస్తాడు.

తేడా కనిపించాక చెప్పడం కూడా ఒక విద్యే. "సార్, పేషెంట్ ఎందుకో బాగాలేరు" అంటే అవతలి వ్యక్తికి ఏమీ అర్థం కాదు. "పేగు ఆపరేషన్ అయి 4 గంటలైంది. పల్స్ 84 నుంచి 112కి వచ్చింది, బీపీ 110/70, రెండు గంటలుగా యూరిన్ గంటకు 15 మిల్లీలీటర్లే. లోపల రక్తం పోతోందేమోనని నా అనుమానం, మీరు వచ్చి చూడాలి." విద్యార్థిగా మీరు ఇది డ్యూటీ సిస్టర్‌తో చెప్తారు. ఈ వరుసలో చెప్పడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. మీ అనుమానం తప్పయినా ఫరవాలేదు, చెప్పకుండా ఉండిపోవడమే ప్రమాదం.

థియేటర్ గురించి మీ స్నేహితులు చెప్పింది సగమే నిజం. బంధువులు ఉండరు, కానీ టెన్షన్ ఉంటుంది, సర్జన్ల కోపాలూ ఉంటాయి. స్క్రబ్ నర్సు స్టెరైల్‌గా (క్రిములు అంటకుండా) నిలబడి పరికరాలు అందిస్తారు. సర్క్యులేటింగ్ నర్సు ఆ స్టెరైల్ పరిధికి బయట ఉండి అన్నీ సమకూరుస్తారు. ఇద్దరూ కలిసి రక్తం అద్దే గాజ్ గుడ్డలు, సూదులు, పరికరాలు లెక్కపెడతారు. లెక్క కుదరకపోతే సర్జన్ ఎంత హడావిడిలో ఉన్నా "ఒక్కటి తక్కువుంది" అని గట్టిగా చెప్పగలగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ భద్రతా చెక్‌లిస్టులో 19 అంశాలున్నాయి. రోగి ఎవరు, ఏ ఆపరేషన్, శరీరంలో ఏ చోట అన్నవి అందరూ ఆగి పైకి చెప్పుకోవడం అందులో భాగం. 8 నగరాల ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షిస్తే, 2009లో వచ్చిన ఫలితాల ప్రకారం మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, సమస్యలు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి. చాలాచోట్ల ఆ చెక్‌లిస్టును పైకి చదివించేది నర్సే. మత్తులో ఉన్న మనిషి తరఫున మాట్లాడే ధైర్యం అక్కడ కావాలి. కూతురు కోప్పడిందన్న కారణంతో అటు వెళ్తే మాత్రం నిలవలేరు.

కాబట్టి భయాన్ని పక్కనపెట్టి ఇష్టాన్ని చూసుకోండి. పరికరాలు, క్రమం, ఒకే పని మీద గంటల తరబడి ఏకాగ్రత నచ్చితే థియేటర్ మీకు సరిపోతుంది. మనిషి కోలుకుని లేచి నడవడం చూడటం, మాట్లాడి ధైర్యం చెప్పడం నచ్చితే వార్డే మంచిది. క్షణక్షణం గమనించడం ఇష్టమైతే ఆపరేషన్ అయిన వెంటనే రోగిని ఉంచే రికవరీ గది, తర్వాత ఐసీయూ ఉన్నాయి. ఎటు వెళ్లినా చదువయ్యాక కనీసం ఒక ఏడాది సర్జికల్ వార్డులో పనిచేసి వెళ్లండని నా సలహా. థియేటర్ నుంచి బయటకు వచ్చిన మనిషికి తర్వాత ఏమవుతుందో తెలిసిన నర్సు థియేటర్లో కూడా మెరుగ్గా పనిచేస్తుంది.

బంధువుల కోపం గురించి ఒక్క మాట. ఆ అమ్మాయి కోపంలో ఎక్కువ భాగం తండ్రి గురించిన భయమే. గుచ్చే ముందే "నాన్నగారి నరాలు సన్నగా ఉన్నాయి, ఒకసారిలో దొరకకపోవచ్చు, రెండుసార్లకు మించి గుచ్చను, సీనియర్‌ను పిలుస్తాను" అని చెప్పి చూడండి. ఇద్దరి మొహాలూ మారతాయి. ఆ పెద్దాయన ఇంకా వార్డులోనే ఉంటే రేపు వెళ్లి చేయి ఎలా ఉందని అడిగి, గుచ్చిన చోట్లు చూసి, కమిలిన మచ్చ ఉంటే సిస్టర్‌కు చెప్పండి. పోస్టింగ్ ముగిసేలోగా మీ ఇన్‌చార్జిని అడిగి రికవరీ గదిలో కొన్ని రోజులు వేయించుకోండి. వార్డు, థియేటర్ రెండూ కలిసే చోటు అది, మీకు ఏది నచ్చుతుందో అక్కడ త్వరగా తెలుస్తుంది.