నెట్ స్లో అయిందని ముందే ప్లాన్ మార్చేయకు అమ్మలూ

అమ్మలూ,

నిన్న రాత్రి నీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి అత్తకీ నాకూ మనసు మనసులో లేదు. మీటింగ్‌లో నీ మాట ముక్కలు ముక్కలుగా వస్తోందని మీ మేనేజర్ అందరి ముందూ అన్నాడన్నావు కదా, రేపే పెద్ద ప్లాన్‌కి మారిపోతానన్నావు. మారకు. ఒక్క సాయంత్రం నేను చెప్పినట్టు చూసుకో, తర్వాత నీ ఇష్టం.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఎంవీపీ కాలనీ ఇంట్లో మాకూ ఇదే గొడవ వచ్చింది, నెట్ వాళ్ళకి చెప్తే "ప్లాన్ పెంచుకోండి సార్" అన్నారు, 100 మెగాబిట్ల ప్లాన్ నుంచి 200కి పెంచి ఆరు నెలలు డబ్బు కట్టాను, లాప్‌టాప్‌లో మాత్రం 35 దాటలేదు. చిల్లు ఎక్కడుందో చూడకుండా బిందెలో నీళ్ళు పోసినట్టయింది.

ముందు లాన్ వైరు పెట్టి చూడు. రూటర్‌కీ లాప్‌టాప్‌కీ వైరు కలిపి, వైఫై ఆపేసి, ఆఫీసు వీపీఎన్ కూడా ఆపేసి స్పీడ్ టెస్ట్ చెయ్. వీపీఎన్ ఉంటే ప్రతిదీ మీ ఆఫీసు సర్వర్ దాకా వెళ్ళి తిరిగొస్తుంది, ఆ టెస్ట్ లెక్కకి రాదు. నీది 100 ప్లాన్ కదా, వైరు మీద 90 పైన వస్తే లైన్ బావున్నట్టే, తప్పు ఇంట్లోనే ఉంది. ఇంకోటి, డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు 12 అని కనిపిస్తే కంగారు పడకు, అది మెగాబైట్లలో చూపిస్తుంది, ప్లాన్ మెగాబిట్లలో ఉంటుంది, 8తో గుణిస్తే సరిపోతుంది.

వైరు బావుండి వైఫై బాలేదనుకో, అప్పుడు లాప్‌టాప్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్ళి, వైఫై నొక్కి, మీ కనెక్షన్ ప్రాపర్టీస్ తెరువు. నెట్‌వర్క్ బ్యాండ్ అనీ (అంటే వైఫై నడిచే దారి), లింక్ స్పీడ్ అనీ (అంటే రూటర్‌కీ లాప్‌టాప్‌కీ మధ్య వేగం) ఉంటాయి, ఆ రెండూ కాగితం మీద రాసుకో. నాకైతే బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్, లింక్ స్పీడ్ 72 అని ఉంది. లింక్ స్పీడ్ 72 ఉంటే చేతికొచ్చేది అందులో సగం చిల్లర, ఇక పైనుంచి 200 వస్తే ఏంటి, 500 వస్తే ఏంటి చెప్పు. ఆ ఆరు నెలల డబ్బు తల్చుకుంటే ఇప్పటికీ బాధే.

ఈ 2.4 దగ్గరే అపార్ట్‌మెంట్లలో అసలు చిక్కు. మధురవాడలో మీ ఫ్లాట్‌లో వైఫై లిస్టు తెరిస్తే పై ఇల్లు, కింద ఇల్లు, ఎదురిల్లు అన్నీ వరసగా కనిపిస్తాయి కదా, అవన్నీ ఆ ఇరుకు దారిలోనే తోసుకుంటాయి. అందులో ఒకదాని మీద ఒకటి పడని చానెళ్ళు 1, 6, 11 మూడే. మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే గోల చేస్తుంది, నువ్వు పెట్టుకునే బ్లూటూత్ హెడ్‌సెట్టూ అక్కడే. అందుకని రూటర్ సెట్టింగ్స్‌లో 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టేసి లాప్‌టాప్‌ని దానికే కలుపు. నేను అలా మార్చగానే లింక్ స్పీడ్ 433 అయింది. 5 అసలు కనిపించకపోతే నీ లాప్‌టాప్‌లో ఆ కార్డు లేదేమో, రెండు బ్యాండ్ల యూఎస్‌బీ వైఫై డాంగిల్ పెడితే చాలు, లాప్‌టాప్ మార్చక్కర్లేదు.

కానీ 5కి గోడలు పడవు. మీ రూటర్ ఎక్కడుంది, హాల్లో ఇనప బీరువా వెనకాల, నేలకి జానెడు ఎత్తులో! నువ్వేమో రెండు గోడల అవతల బెడ్‌రూమ్‌లో మంచం మీద. మధ్యలో కాంక్రీట్ పిల్లర్, దాన్నిండా ఇనప చువ్వలు. పెద్ద అద్దం కూడా సిగ్నల్‌ని వెనక్కి కొడుతుంది. రూటర్‌ని మనిషి ఎత్తులో, చుట్టూ ఏమీ లేకుండా, నీ గది గుమ్మం కనిపించేలా పెట్టు.

లాప్‌టాప్‌లో ఎక్కువేం లేదు. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్‌కి పవర్ మేనేజ్‌మెంట్ అని ట్యాబ్ ఉంటే, పవర్ ఆదా కోసం దీన్ని ఆపొచ్చు అనే టిక్ తీసెయ్. టాస్క్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కాలమ్ చూడు, ఫోటోలు క్లౌడ్‌కి ఎక్కుతుంటే మీటింగ్ అయ్యేదాకా ఆపు, మాట ముక్కలవడానికి అప్‌లోడ్ నిండిపోవడం కూడా పెద్ద కారణమే. డ్రైవర్ కావాలంటే లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచే తెచ్చుకో, డ్రైవర్ అప్‌డేటర్ అని కనిపించేవి ముట్టుకోకు.

మాకు 5కి మారాక కూడా 94 దగ్గర ఆగిపోయింది, 200 ప్లాన్‌కి. నేను ముప్పయ్యేళ్ళు టెలిఫోన్ లైన్ల మీద పనిచేసినవాణ్ణి, 2014లో హుద్‌హుద్ తుఫాను వెళ్ళాక వారాల తరబడి జాయింట్లు విప్పుతూ తిరిగినవాణ్ణి, ఈ విశాఖలో సముద్రం గాలి రాగిని ఏం చేస్తుందో తెలుసు. ఫైబర్ బాక్స్ నుంచి రూటర్‌కి వెళ్ళే చిన్న వైరు పీకి టార్చ్ వేసి చూశాను. ప్లగ్గులో ఎనిమిది పసుపుపచ్చ గీతలు వరసగా ఉండాలి, చివరి గీత మీద ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది, గోరుతో గీస్తే పొడిలా రాలింది. 100 దాటి గిగాబిట్ స్పీడ్‌లో నడవాలంటే ఎనిమిది తీగలూ కావాలి, ఒక్కటి పోయినా గిగాబిట్ రాదు, నాకు 100కి దిగిపోయింది. కొత్త వైరు వేశాక 190 వచ్చింది. నీది 100 ప్లాన్ గనక ఇది నీకు పెద్దగా తగలకపోవచ్చు, కానీ మీ బాల్కనీలోకి రుషికొండ వైపు గాలి తిన్నగా కొడుతుంది, ప్లగ్గు ఒకసారి చూసుకో.

ఇవన్నీ చూశాక కూడా వైరు మీదే రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా పడిపోయి తెల్లారి బావుంటే అప్పుడు నెట్ వాళ్ళదే తప్పు. మూడు రోజులు ఒకే టైముల్లో స్క్రీన్‌షాట్లు తీసిపెట్టు, అవి పంపి కంప్లైంట్ నంబర్ అడుగు, వైరు మీద తీసినవని రాయి, "మీ లాప్‌టాప్ ప్రాబ్లమ్ మేడమ్" అనడానికి వాళ్ళకి వీలుండదు.

నీ లాప్‌టాప్‌కి లాన్ పోర్టు లేదన్నావు కదా, నా దగ్గర యూఎస్‌బీ అడాప్టర్ ఉంది, ఆదివారం అత్తా నేనూ వచ్చేటప్పుడు తెస్తాను, వైరు కూడా. అప్పటిదాకా రూటర్‌ని ఆ బీరువా వెనకనించి బయటికి తీసి, రేపటి మీటింగ్ హాల్లో కూర్చుని చేసుకో అమ్మా.

మీ మావయ్య