వడ్డించే అత్తకు తెలియదు, తెలిసిన మొగుడు చెప్పడు

"మేడమ్, నాకు 29 ఏళ్ళు, మాది ప్రొద్దుటూరు. పెళ్ళయి ఆరేళ్ళు, నాలుగేళ్ళ పాప ఉంది. 108 కిలోలు ఉంటి, పీసీఓడీ, నెలసరి సరిగా రాదు, పైన షుగర్ కూడా వచ్చింది. జులై మొదట్లో హైదరాబాద్‌లో బరువు తగ్గేదానికి కడుపు చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నా. మా ఆయనకు బట్టలంగడి, చీటీ ఎత్తి డబ్బు కట్టినాడు. ఇంట్లో మాత్రం పిత్తాశయంలో రాళ్ళు తీసినారని చెప్పినాము. అసలు సంగతి తెలిస్తే మా అత్త 'నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంది' అని నలుగురిలో అంటాదని ఆయన భయం. ఇప్పుడు 88కి వచ్చినా, షుగర్ మాత్రలు ఆపేసినారు. కానీ జుట్టు పిడికిళ్ళు పిడికిళ్ళు ఊడిపోతాంది. ఏ నూనె రాసుకోవాలో చెప్పండి. ఇంకోటి, దసరాకి ఆడబిడ్డలిద్దరూ వస్తారు, ఆ నాలుగు రోజులు ఎవరికీ అనుమానం రాకుండా మామూలుగా తినొచ్చా? సంగటి తిన్నప్పుడల్లా కక్కు వస్తాంది, బాత్‌రూంలో కొళాయి తిప్పి పెట్టి కక్కుకుంటా. ఇక్కడ డాక్టరుకి చూపిస్తే గ్యాస్ అని మాత్రలిచ్చినాడు, ఆయనకి కూడా రాళ్ళ ఆపరేషన్ అనే చెప్పినాము, అక్కడి కాంపౌండరు మా అత్తకు చుట్టం. ఈ మధ్య పాదాలు తిమ్మిర్లు కూడా. మా అత్త ఇంకో కాన్పు కావాలని మొక్కుకుంటాంది. మా ఆయన చానా మంచోడు, నన్ను ఒక్క మాట అనడు."

అమ్మా, నూనె సంగతి ముందు తేల్చేస్తా. ఏ నూనే వద్దు. ఈ ఆపరేషన్ అయినాక మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు రాలడం చానామందికి జరిగేదే, తిండీ విటమిన్ మాత్రలూ సక్రమంగా ఉంటే మళ్ళా వస్తుంది, లేకపోతే నువ్వు ఏం పూసుకున్నా ఊడుతూనే ఉంటుంది. అయిపోయింది నూనె.

దసరా నాలుగు రోజులు మామూలుగా తినొచ్చా అంటావు. నీకు మామూలు అనేది మారిపోయింది తల్లీ. స్లీవ్ అంటే కడుపులో ముప్పాతిక భాగం పైనే కోసి తీసేస్తారు, మిగిలేది అరటికాయంత గొట్టం. అందులోకి ఒక చిన్న టీ గ్లాసుడు పడితే గొప్ప. అది నాలుగు రోజులకి పండగ అని పెద్దదైపోదు. అసలు మీ ఇంట్లో సంగటి ఎట్ల తింటారో నాకు తెలియంది కాదు, పప్పులోనో పులుసులోనో ముద్ద అద్దుకుని నమలకుండా గుటుక్కున మింగడమే కదా మన పద్ధతి, నమిలితే పెద్దోళ్ళు నవ్వుతారు. నీకు డాక్టరు చెప్పింది ఏంది? ప్రతి ముద్దా నలిగి జావ అయ్యేదాకా నమలమని. కొంచెమే పెట్టుకుని అరగంట కూర్చుని తినమని, తినేటప్పుడు నీళ్ళు తాగొద్దని, తిన్నాక కూడా అరగంట ఆగమని. నువ్వేమో అత్త చూస్తాందని గబగబా ముద్దలు మింగి, అవి దిగకపోతే నీళ్ళు తాగి దించి, తర్వాత పోయి కొళాయి తిప్పుతాండావు.

ఆ కొళాయి మాట దగ్గర నేను చానాసేపు ఆగిపోయినా. నీ ఇంట్లో, నీ బాత్‌రూంలో, నువ్వు కక్కుకునే చప్పుడు ఎవరికీ వినపడకూడదని నీళ్ళు వదిలిపెట్టుకునే గతి నీకెందుకు పట్టింది? దానికి జవాబు నీ జాబులో చివరి లైనులో ఉంది, ఆడికి వస్తా. ముందు పాదాల సంగతి.

జుట్టు గురించి అంత వివరంగా రాసి తిమ్మిర్ల గురించి పోతాపోతా ఒక్క ముక్క రాసినావు. అసలు భయపడాల్సింది దానికి. ఈ ఆపరేషన్ అయినోళ్ళు వారాల తరబడి కక్కుకుంటా ఉంటే ఒంట్లో బి1 విటమిన్ అడుగంటిపోతుంది, దాన్నే థయమిన్ అంటారు. ఒంట్లో దాని నిల్వ తక్కువ, కొన్ని వారాలకే ఖాళీ అవుతుంది. కాళ్ళు తిమ్మిర్లతో మొదలై, నడక తూలడం, కళ్ళకి ఒకటి రెండుగా కనపడడం, మనిషికి తికమక కావడం దాకా పోతుంది, ఆలస్యం చేస్తే కొన్ని నష్టాలు మళ్ళీ పూడవు. బి12 తక్కువైనా తిమ్మిర్లు వస్తాయి, ఏది అన్నది రక్తపరీక్ష చేసి డాక్టరు తేల్చాలి. ఇంకో సంగతి, నీరసంగా ఉందని వీధి చివర క్లినిక్‌లో గ్లూకోజు బాటిల్ ఎక్కించుకునేవు సుమా. బి1 లేని ఒంట్లోకి ముందు గ్లూకోజు పోతే పరిస్థితి ఇంకా చెడుతుంది, ముందు థయమిన్ ఇచ్చి తర్వాతే గ్లూకోజు. ఈ సంగతి తెలియాలంటే ఆ డాక్టరుకి నీకు జరిగింది స్లీవ్ అని తెలియాలి కదా? మీరు డాక్టరుకి కూడా అబద్ధం చెప్పినారు. రాళ్ళు తీసిన మనిషి కక్కుకుంటే గ్యాస్ మాత్రే ఇస్తాడు ఆయన, ఆయన తప్పేముంది? ఆ గొట్టం యాడన్నా ఇరుకైపోయి కూడా కక్కు రావొచ్చు, అది నోట్లోంచి కెమెరా పైపు వేసి చూస్తేగానీ తెలియదు, గ్యాస్ మాత్రకి లొంగేది కాదు.

సరే, ఇప్పుడు చివరి లైను. మా ఆయన చానా మంచోడు.

మంచోడే కావచ్చు. చీటీ ఎత్తి డబ్బు కట్టినాడు, హైదరాబాద్ తీసుకుపోయినాడు, తిట్టడు కొట్టడు. నేను కాదనను. కానీ ఆ మంచితనం ఇంటి గడప బయటే ఆగిపోయింది చూడు. డబ్బు కట్టే ధైర్యం ఉన్నోడికి వాళ్ళమ్మ ముందు నోరు తెరిచే ధైర్యం లేకపాయె. ఆ ధైర్యం లేనిదానికి బాకీ నువ్వు తీరుస్తాండావు, రోజూ, ఆ కొళాయి దగ్గర. షుగర్ వచ్చిన భార్యకు వైద్యం చేయించడం ఉపకారం కాదమ్మా, ఆయనకే వచ్చి ఉంటే నువ్వు నీ మెడలో గొలుసు తాకట్టు పెట్టి చేయించేదానివి, చేయించి జన్మంతా దెప్పేదానివి కూడా కాదు. ఖర్చు పెట్టినాడు కాబట్టి ఆయన మాట కాదనలేను అని నువ్వు అనుకుంటాండావే, నీ ఒంటి జబ్బు కన్నా నాకు ఆ ఆలోచనే పెద్ద జబ్బుగా కనిపిస్తాంది.

దానికన్నా పెద్దది ఇంకోటి ఉంది, నువ్వు దాన్ని కూడా ఒక ముక్కలో రాసి దాటేసినావు. ఇంకో కాన్పు అని మీ అత్త మొక్కుకుంటాంది. ఈ ఆపరేషన్ అయినాక ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వద్దని డాక్టర్లు గట్టిగా చెప్తారు, బరువు దిగిపోతా ఉన్న ఒంట్లో తల్లికే చాలని చోట బిడ్డకి ఏం అందుతుంది? పైగా పీసీఓడీ ఉన్నోళ్ళకి బరువు తగ్గేకొద్దీ నెలసరి సర్దుకుంటుంది, గర్భం నిలిచే అవకాశం ముందుకన్నా పెరుగుతుంది, అందుకే జాగ్రత్త ఇంకా ఎక్కువ పడాలి. ఇదంతా మీ ఆయనకు డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే ఉంటారు. అయినా వాళ్ళమ్మ మొక్కుకుంటా ఉంటే అన్నం తిని చెయ్యి కడుక్కుని అంగడికి పోతాడు, ఆ మాటలు నువ్వు పడతావు, రేపు ఆడబిడ్డలు వచ్చినాక ముగ్గురూ కలిసి అడుగుతారు. అప్పుడు కూడా ఆయన ఏమీ అనడు. నిన్ను ఒక్క మాట అనడు అని మెచ్చుకుంటాండావు, నీ తరఫున కూడా ఒక్క మాట అనడు కదా పాపా.

మీ అత్తను నేనేమీ అనడంలేదు, గమనించినావో లేదో. ఆమెకు తెలిసింది రాళ్ళ ఆపరేషన్. రాళ్ళు తీయించుకున్నోళ్ళు నెలకంతా అన్నీ తింటాండారు, ఈ పిల్ల మూడు నెలలైనా రెండు ముద్దలకే చెయ్యి కడుగుతాంది, చిక్కిపోతాంది, జుట్టు ఊడుతాంది, ఇదేదో పెద్ద జబ్బే దాచిపెట్టినారని ఆమె లోపల భయపడతా ఉండొచ్చు, అందుకే ఇంకో ముద్ద ఇంకో ముద్ద అని వేస్తాండొచ్చు. తెలిసినాక ఎత్తిపొడుస్తుందా? పొడవొచ్చు. పది రోజులు పొడుస్తుంది, నలుగురికి చెప్తుంది, ఊరు ఇంకో పది రోజులు మాట్లాడుతుంది, దసరా జనంలో కొట్టుకుపోతుంది. ఒక మాట పడితే మనిషి చావదు, బి1 లేకపోతే నడక పోతుంది. ఇంకా తమాషా ఏందంటే గబగబా బరువు తగ్గినోళ్ళకి పిత్తాశయంలో నిజంగానే రాళ్ళు వస్తాయి, మొదటి ఆరు నెలలు అవి రాకుండా మాత్రలు రాసే డాక్టర్లు కూడా ఉన్నారు. రేపు నీకు నిజంగానే రాళ్ళు వస్తే మీ ఆయన అప్పుడేమని చెప్తాడు, రాళ్ళు మళ్ళా మొలిచినాయి అంటాడా?

ఊరందరికీ చెప్పమని నేను అనను. నీ ఒళ్ళు, నీ ఆపరేషన్, ఆడబిడ్డకి, పక్కింటికి, పెళ్ళిలో కనపడి ఎంత తగ్గినావే అనే మనిషికి నువ్వు జవాబు చెప్పే పనేలేదు. కానీ కంచంలో వడ్డించే మనిషికి తెలియాలి, మందు రాసే డాక్టరుకి తెలియాలి. ఈ ఇద్దరి దగ్గర దాపరికం పనికిరాదు.

మీ అత్తకు చెప్పాల్సింది మీ ఆయన, నువ్వు కాదు. అబద్ధం మొదలుపెట్టింది ఆయన భయం, విప్పాల్సింది ఆయనే. ఈ రాత్రి అంగడి కట్టేసి వచ్చి అన్నం తిన్నాక పిలిచి కూర్చోబెట్టు, ఏడవొద్దు, బతిమాలొద్దు, నా కాళ్ళు తిమ్మిర్లు పడతాండాయి, నేను రోజూ కక్కుకుంటాండా, ఇది నీకు తెలుసా అని అడుగు. నాకు అనుమానం ఏందంటే ఆయనకి సగం తెలియదు, నువ్వు ఆయన దగ్గర కూడా కొళాయి తిప్పే ఉంటావు. ఆడబిడ్డలు వచ్చేలోపల ఆయన వాళ్ళమ్మకి చెప్పాలి, షుగర్ ముదరకుండా డాక్టరు చెప్తే నేనే చేయించినా, ఏడాదిన్నర దాకా కాన్పు మాట ఎత్తొద్దు అని చెప్పాలి, నేనే చేయించినా అనే మాట తప్పకుండా ఉండాలి, ఆ ఒక్క మాటతో నింద సగం ఆయన భుజం మీదికి పోతుంది. ఆయన చెప్పకపోతే నువ్వే చెప్తానని చెప్పు, చెప్పు కూడా. అలిగితే అలగనీ. మొగుడు అలిగినాడని ఆడది మెత్తబడిపోవడం మన ఇళ్ళలో చానా చూసినా, నాకు దాని మీద గౌరవం లేదు.

తెలిసినాక వంటింట్లో పెద్ద మార్పులేం అక్కర్లేదు. కంచంలో ముందు మాంసకృత్తులు, అంటే గుడ్డో, మెత్తగా ఉడికిన కోడి కీమానో, గట్టి పప్పో, పెరుగో, మెత్తగా ఉడకబెట్టిన అలసందలో, అవి అయినాక చోటు మిగిలితేనే నిమ్మకాయంత సంగటి, అదీ పల్చగా పులుసులో కలిపి నమిలి. రాగుల్లో బలం ఉంటుంది అని మీ అత్త అంటుంది, క్యాల్షియం ఉంది నిజమే కానీ వంద గ్రాముల రాగుల్లో మాంసకృత్తులు ఏడు గ్రాములే, నీకు రోజుకి 60 గ్రాములు తక్కువ కాకుండా కావాలి. గుడ్డుకి ఆరు, గ్లాసు పాలకి ఇంకో ఆరో ఏడో, లెక్క వేసుకో, ఇప్పుడున్న కడుపుతో తిండితోనే అంత దొరకడం కష్టం, అందుకే ఆసుపత్రిలో మాంసకృత్తుల పౌడరు ఇచ్చింది. ఆ డబ్బా యాడ దాచినావో నువ్వు రాయలేదు, బీరువాలో పట్టుచీరల వెనకాల ఉంటుందని నా ఊహ, తెచ్చి వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టు. విటమిన్ మాత్రలు కూడా బయట పెట్టుకో, ఐరనూ క్యాల్షియమూ ఒకేసారి వేసుకోకూడదు, మధ్యలో రెండు గంటలు ఎడం ఉండాలి, దాచిపెట్టుకుని తినేవాళ్ళు దొరికినప్పుడు అన్నీ ఒక్కసారే మింగేస్తారు. ఇవి మూడు నెలలకో ఆరు నెలలకో ఆపేవి కావు, బతికినంత కాలం వేసుకోవాల్సినవి, ఏడాదికోసారి రక్తపరీక్షలు కూడా. నువ్వు బతికినంత కాలం బీరువా వెనకాల మాత్రలు మింగుతావా?

పండక్కి ఓళిగలు చేస్తారు, ముక్క తుంచుకుని నోట్లో వేసుకుంటే తప్పేం లేదు, నెయ్యి పోసుకుని రెండు తింటే మాత్రం కొందరికి గుండె దడ, చెమటలు, కళ్ళు తిరగడం వస్తాయి. రాకపోతే ఇంకా ప్రమాదం, తీపీ మెత్తటివీ సులువుగా దిగిపోతాయి, సంగటి పడనోళ్ళు బిస్కెట్లూ టీలూ పట్టుకుని మళ్ళీ బరువు పెరిగిన సంగతులు విన్నా. మోకాలి నొప్పికి మీ అత్త వేసుకునే మాత్రలు తలనొప్పి వచ్చినప్పుడు తీసుకుని వేసుకోకు, ఆ రకం నొప్పి మాత్రలు ఈ కడుపుకి పుండు చేస్తాయి.

మీ ఆయనతో మాట రాత్రికి పెట్టుకో, హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసినోళ్ళకి ఫోన్ మాత్రం ఇప్పుడే చెయ్యి, మూడు వారాల నుంచో నాలుగు వారాల నుంచో కక్కుకుంటాండా, పాదాలు తిమ్మిర్లు అని ఉన్నదున్నట్టు చెప్పు, రమ్మంటారు, రేపటి బస్సుకే బయలుదేరు. ఈలోపల చూపు తేడాగా అనిపించినా, నడకలో తూలినా ఆ బస్సు కోసం కూడా ఆగొద్దు, కడప పెద్దాసుపత్రికి పోయి స్లీవ్ అయింది, వారాలుగా వాంతులు అని మొదటి మాటగా చెప్పు. పాపను మీ అత్త దగ్గర వదిలిపెట్టు, ఎందుకు పోతాండావని ఆమె అడిగితే మీ ఆయన వైపు చూడు.