ఆ మాట వినగానే గుండె దడ.. నేను మామూలు మనిషినేనా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో లెక్కలు చూస్తాను. పెళ్లయి రెండేళ్లయింది. చక్కిలిగింతలంటే నాకు ఎందుకో విపరీతమైన ఆకర్షణ. ఈ సంగతి ఎవరికీ తెలియదు, నా భార్యకు కూడా. ఎవరైనా మామూలుగా ఆ మాట అన్నా చాలు, గుండె దడదడలాడుతుంది, ముఖం వేడెక్కుతుంది. మొన్న హాలియాలో మా బావమరిది పెళ్లి. కాళ్లకు పసుపు రాస్తుంటే అతను గబుక్కున కాళ్లు లాక్కున్నాడు. "ఏంది బావా, కితకితలైతున్నయా?" అని మరదళ్లు ఆటపట్టించారు. అందరూ నవ్వుతుంటే నేను లేచి టెంటు వెనక్కి వెళ్లిపోయాను. నా ముఖం చూసి అందరికీ అర్థమైపోయిందని భయం. ఇంకోవైపు, మిల్లులో ఎవరైనా ఆ మాట ఎత్తితే ఊరుకోలేను. "నీకు ఎక్కువా? ఎక్కడ?" అని అడిగేస్తాను. ఈమధ్య అలా అడిగాక ఆఫీసులో పనిచేసే ఒకామె నాతో మాట్లాడటం తగ్గించింది. నాలో ఏదైనా లోపం ఉందా? భార్యకు చెప్పాలా?

జవాబు: పెళ్లిలో జరిగినదాని గురించి మీరు చాలా వివరంగా రాశారు. ఆఫీసులో జరిగింది మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశారు. నాకు ఆ రెండో సంగతే ముఖ్యంగా కనిపించింది. దానికి వస్తాను. ముందు మీ భయం సంగతి చూద్దాం.

ఇలాంటి ఇష్టం ఉన్నవాళ్లు మీరొక్కరే కాదు. ఆడవాళ్లలోనూ ఉన్నారు, మగవాళ్లలోనూ ఉన్నారు. బయటికి చెప్పుకోరు కాబట్టి ఎవరికి వాళ్లు లోకంలో తామొక్కరే ఇలా ఉన్నామనుకుంటారు. మానసిక వైద్యులు వాడే అమెరికన్ గ్రంథం డీఎస్ఎం 2013లో ఐదో కూర్పుగా వచ్చినప్పుడు ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. అందరికీ లేని ఆకర్షణ ఉన్నంత మాత్రాన అది జబ్బు కాదు. దానివల్ల మనిషి తీవ్రంగా నలిగిపోతున్నా, ఇతరులకు హాని జరుగుతున్నా అప్పుడే రుగ్మత కింద చూడాలి. అందుకే మీకు ఏం ఇష్టమనేదానికన్నా, దానితో మీరు ఎలా మసలుకుంటున్నారన్నదే నేను చూస్తాను.

ఇక ఆ మాట చెవిన పడగానే ఉలిక్కిపడటం. కూతురికి పెళ్లీడు వచ్చిన తల్లి నల్లగొండ బస్టాండులో కూర్చుని ఉందనుకోండి. అంత గోలలోనూ పక్క బెంచీ మీద ఎవరో "మంచి సంబంధం" అంటే ఆమె తల ఇట్టే తిరుగుతుంది. మనసు దేనికోసం కాచుకుని ఉందో చెవి దాన్నే పట్టుకుంటుంది. మీకు పైనుంచి రహస్యం బయటపడుతుందేమోనన్న బెదురు కూడా తోడైంది. ఇష్టం, బెదురు రెండూ కలిసి ఒకేసారి మీద పడతాయి, అందుకే అంత దడ. టీవీలో కామెడీ స్కిట్ వచ్చినా, సెలూన్‌లో ఎవరో జోకేసినా జరిగేది ఇదే. దాన్ని ఆపాలని పళ్లు బిగించకండి, ఇంకా ఎక్కువవుతుంది. నాలుగు నిమిషాలు దానంతట దాన్ని పోనివ్వండి.

మీ ముఖం అందరూ చదివేశారన్న భయానికి ఒక ప్రయోగం సంగతి చెబుతాను. అమెరికాలో సైకాలజిస్టు థామస్ గిలోవిచ్ బృందం కొందరు విద్యార్థులకు సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, తోటి విద్యార్థులున్న గదిలోకి పంపింది. దాదాపు సగం మంది చూసి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజానికి గమనించింది నాలుగో వంతు మందే. 2000లో వచ్చిన ఫలితం ఇది. పసుపు రాసే వేళ ఎవరి కళ్లయినా పెళ్లికొడుకు మీదే ఉంటాయి కానీ, బావగారి చెవులు ఎర్రబడ్డాయా అని ఎవరు చూస్తారండీ! మళ్లీ అలాంటి సందర్భం వస్తే లేచి వెళ్లకండి. అందరితో పాటు నవ్వేసి కూర్చోండి. లేచి వెళ్తేనే "ఏమైంది?" అని అడుగుతారు.

ఇప్పుడు ఆఫీసు సంగతి. ఆ మాట ఎవరో అనడం మీ చేతిలో లేదు, గుండె కొట్టుకోవడమూ మీ చేతిలో లేదు. "నీకు ఎక్కడ ఎక్కువ?" అని అడగడం మాత్రం పూర్తిగా మీ చేతిలోనే ఉంది. మీరు దాన్ని సరదా ప్రశ్నలా వేశారు, కానీ ఆమె ఒంటి గురించి అడిగి, ఆమెకు తెలియకుండా మీ ఆకర్షణను తీర్చుకున్నారు. ఆమెకు కారణం తెలియకపోవచ్చు, ఏదో తేడాగా ఉందని మాత్రం తెలిసింది. అందుకే దూరం జరిగింది. ఆమెది తప్పు కాదు. పనిచేసే చోట ఇలాంటి ప్రశ్నలు వేధింపుల ఫిర్యాదు దాకా వెళ్లగలవు, అందుకు 2013 నాటి చట్టం కూడా ఉంది. ఈ ప్రశ్న ఇక ఎవరినీ అడగకండి, మగవాళ్లను కూడా. ఎవరైనా ఆ మాట ఎత్తితే వినండి, ఊరుకోండి. దాన్ని సాగదీయాలనిపించినప్పుడు లేచి టీ తాగడానికి వెళ్లండి. ఆమె దగ్గరకు వెళ్లి పెద్ద వివరణలు ఇవ్వకండి, ఇంకా ఇబ్బంది పడుతుంది. మామూలుగా, మర్యాదగా, పని వరకే మాట్లాడండి.

భార్యకు చెప్పాలా అన్నారు. నా ఉద్దేశంలో చెప్పాలి, కానీ పడకగదిలో కాదు, ఇంట్లో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం. కథలు చుట్టకుండా, "నాకు ఇలాంటి ఇష్టం ఒకటుంది, నీకు చెప్పడానికి ఇన్నాళ్లూ సిగ్గేసింది. నువ్వు ఏమీ చేయనక్కర్లేదు" అనండి. ఆ చివరి మాట మనస్ఫూర్తిగా అనాలి. ఆమె నవ్వొచ్చు, ముఖం చిట్లించొచ్చు, రెండు రోజులు ఏమీ అనకపోవచ్చు. సరే అంటే సంతోషం, కాదంటే మళ్లీ మళ్లీ అడగొద్దు.

సరే అన్నా ఒకటి గుర్తుంచుకోండి. చక్కిలిగింతలు పెడితే వచ్చే నవ్వుకు ఒప్పుకోలు అని అర్థం కాదు. క్రిస్టీన్ హారిస్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ అనే సైకాలజిస్టులు 1999లో ప్రచురించిన ప్రయోగంలో, తమను తాకుతున్నది మనిషి కాదు యంత్రమని నమ్మినప్పుడు కూడా జనం మనిషి తాకినప్పుడు నవ్వినంతా నవ్వారు. ఇష్టం లేకపోయినా ఒళ్లు నవ్విస్తుంది. అందుకే "చాలు" అనే మాట ఒకటి ముందే అనుకోండి. ఆమె ఎంత నవ్వుతున్నా ఆ మాట వినగానే చేయి తీసేయాలి.

ఇంత చేసినా నిద్ర పట్టకపోతే, పని మీద మనసు నిలవకపోతే, లేదా ఆ ప్రశ్న అడక్కుండా ఉండలేకపోతే సైకాలజిస్టును కలవండి. ఎదురుగా కూర్చుని చెప్పడానికి సిగ్గనిపిస్తే 14416కు ఫోన్ చేయొచ్చు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు అది, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేమీ అడగరు.